ఊ కొట్టే శ్రోత: ఉత్తరాంధ్ర వృద్ధుల సంభాషణ, మాట్లాడే యంత్రం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒంటరి వృద్ధులతో మాట్లాడటానికి రూపొందిన సామాజిక రోబోలు ఇరవై ఒకటో శతాబ్దపు ఆవిష్కరణలుగా ప్రచారం పొందాయి. వాటి వెనుక ఉన్న అవసరానికి మాత్రం పాత చరిత్ర ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మౌఖిక సంప్రదాయంలో వృద్ధులు వక్తలు. వారి ఎదుట కూర్చుని 'ఊ' కొట్టే శ్రోత ఒకరు ఉండేవారు. వలసలు ఆ శ్రోతను దూరం చేశాయి. గ్రామఫోను, రేడియో వంటి యంత్రాలు వృద్ధులనే శ్రోతలుగా మార్చాయి. జవాబిచ్చే యంత్రం వారిని మళ్లీ వక్తలుగా నిలబెడతానని ముందుకు వస్తోంది. ఈ క్రమాన్ని పరిశీలించి, ఊ కొట్టడంలో ఇమిడి ఉన్న భాషాజ్ఞానం, జ్ఞాపకం, బాధ్యత అనే అంశాలలో యంత్రం వేటిని అందుకోగలదో నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శ్రోత, మౌఖిక సంప్రదాయం, కళింగాంధ్ర మాండలికం, వలస, వృద్ధాప్యం, గిడుగు రామమూర్తి, సామాజిక రోబో.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ఇళ్లలో పిల్లలకు కథ చెప్పే తాత గానీ, మామ్మ గానీ ముందుగా పెట్టే షరతు ఒకటుంది: "ఊ కొట్టాలి". వినేవారు ఊ కొట్టినంతసేపే కథ నడుస్తుంది. ఆ శబ్దం ఆగిపోతే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం. కథ అక్కడికి ఆగుతుంది. 'ఊ' నిఘంటువులో అంగీకారాన్ని తెలిపే అవ్యయం మాత్రమే. కథ చెప్పే సందర్భంలో అది సంభాషణలో సగభాగం.

మనిషితో మాట, చూపు, స్పర్శల ద్వారా సంబంధం నెరపడానికి రూపొందిన యంత్రాన్ని నేడు 'సామాజిక రోబో' అని వ్యవహరిస్తున్నారు. దక్షిణ కొరియాలో ఒంటరిగా జీవించే వృద్ధులకు స్థానిక ప్రభుత్వాలు 'హ్యోడోల్' అనే మాట్లాడే బొమ్మను వేల సంఖ్యలో అందించాయి. దాని రూపం సుమారు ఏడేళ్ల పిల్లవాడిది. పేరులోని 'హ్యో' అనే పదానికి కొరియా భాషలో తల్లిదండ్రుల పట్ల భక్తి అని అర్థం. మందు వేసుకొనే వేళ గుర్తుచేయడం, పలకరించడం, పాట వినిపించడం దాని పనులు. ముసలివారి పక్కన మనవడి వయసు బొమ్మను కూర్చోబెట్టాలన్న ఆలోచన గమనించదగినది. ఖాళీ అయిన స్థానం ఎవరిదో ఆ బొమ్మ రూపమే చెబుతోంది.

ఆ స్థానం ఉత్తరాంధ్రలో ఎలా ఏర్పడింది, ఎలా ఖాళీ అయింది, దానిని భర్తీ చేయడానికి వచ్చిన యంత్రాలు ఏం చేశాయి అన్న ప్రశ్నలకు చారిత్రక క్రమంలో సమాధానాలు వెదకడం ఇక్కడి ప్రయత్నం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది. ఈ వ్యాసంలో శ్రీకాకుళం, విజయనగరం అన్న పేర్లు ఆ విభజనకు పూర్వపు పరిధినే సూచిస్తాయి.

2. మౌఖిక సంప్రదాయంలో శ్రోత స్థానం:

ఉత్తరాంధ్ర జానపద కళారూపాలలో ఒక్కరే మాట్లాడి మిగిలినవారు మౌనంగా వినే పద్ధతి అరుదు. జముకుల కథలో ప్రధాన కథకునికి జముకు వాయించే తోడు ఉంటుంది. ఆ తోడు వాద్యానికి మాత్రమే పరిమితం కాదు. కథకుని మాటను అందుకొని ముందుకు నడుపుతుంది. తప్పెటగుళ్లలో నాయకుడు అన్న చరణాన్ని బృందం తిరిగి అంటుంది. తెలుగు నేలంతటా వ్యాపించిన బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు నిలుస్తారు. వారు ప్రశ్నిస్తారు, నవ్విస్తారు, సందేహం వెలిబుచ్చి కథకుని చేత వివరణ ఇప్పిస్తారు. విజయనగరాన్ని కేంద్రంగా చేసుకొని హరికథకు శాస్త్రగౌరవం కల్పించిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఒంటరిగా రంగస్థలంపై నిలిచిన కళాకారుడు. ఆయన ప్రక్రియలో సైతం గోవిందనామం చెప్పించి సభచేత పలికించే ఘట్టాలు తప్పనిసరి.

ఈ రూపాలన్నింటిలో సమానంగా కనబడే లక్షణం, శ్రోతకు ఒక నిర్దిష్టమైన పని ఉండటం. రంగస్థలంపై వంత చేసే పనినే ఇంటి అరుగుమీద మనవడు చేస్తాడు. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్న సామెత శ్రోతను తక్కువ చేసి మాట్లాడినట్లు కనిపిస్తుంది. ఆచరణలో చెప్పేవాడు వినేవాడిపై ఆధారపడి ఉంటాడు. వినేవాడు లేకపోతే చెప్పేవాడు లేడు.

గృహపరిధిలో ఈ వక్త స్థానం సాధారణంగా వృద్ధులది. పొలానికి, వేటకు, కూలికి పోయే శక్తి తగ్గినవారు ఇంటివద్ద పిల్లలను కనిపెట్టుకొని ఉండేవారు. వంశం పేర్లు, భూముల తగాదాలు, కరవుల జ్ఞాపకాలు, గ్రామదేవతల కథలు, పొడుపుకథలు వారినుంచి పిల్లలకు చేరేవి. శారీరక శ్రమ చేయలేని వయసులో కుటుంబంలో వారికి మిగిలిన అధికారం మాటే. కనుక శ్రోత దూరమైనప్పుడు వృద్ధులు పోగొట్టుకొన్నది కాలక్షేపం మాత్రమే కాదు, కుటుంబంలో తమకున్న పాత్రను కూడా.

3. వలస: శ్రోత దూరమైన చరిత్ర:

శ్రోత దూరం కావడం సెల్‌ఫోనుతోనో, టెలివిజన్‌తోనో మొదలు కాలేదు. ఉత్తరాంధ్రలో దానికి ప్రధాన కారణం వలస. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు పెద్ద సంఖ్యలో బర్మాకు వెళ్లారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు ఆ రెండు జిల్లాలలో అంతర్భాగాలు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లు సాగేవి. తెలుగు వాడుకలో రంగూన్ 'రంగం'గా మారింది. 'రంగం పోవడం' కూలిబతుకుకు పర్యాయపదమైంది. రంగూన్ రేవులో సరుకు ఎత్తి దించే పనివారిలో తెలుగువారు అధికం. 1930 మే నెలలో అక్కడ చెలరేగిన అల్లర్లకు మూలం తెలుగు రేవు కార్మికుల సమ్మెలో ఉంది. 1941–42లో జపాను దాడులతో వేలాది కుటుంబాలు తిరుగుముఖం పట్టాయి.

వలస వెళ్లిన కొడుకుకూ, ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులకూ మధ్య సంభాషణ ఉత్తరం రూపం తీసుకొంది. అక్షరజ్ఞానం లేని తల్లి ఆ ఉత్తరాన్ని మరొకరిచేత చదివించుకోవాలి, జవాబు మరొకరిచేత రాయించుకోవాలి. పోస్టుమాను, బడిపంతులు, ఇరుగుపొరుగు పిల్లలు ఈ సంభాషణలో మధ్యవర్తులయ్యారు. తల్లి చెప్పుకొన్నదంతా కాగితంపైకి రాదు. రాసేవాడు "క్షేమం" అన్న ఒక్క మాటలో ఆమె గంటసేపు చెప్పిన సంగతులను కుదించేవాడు. మాటకూ మనిషికీ మధ్య ఒక మాధ్యమం చేరినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్న ఉత్తరాంధ్ర వృద్ధులకు యంత్రాల కంటే ముందే ఎదురైంది.

స్వాతంత్ర్యానంతరం వలస గమ్యాలు మారాయి కానీ వలస ఆగలేదు. విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాల నిర్మాణ పనులకు ఈ జిల్లాల కూలీలు నేటికీ తరలివెళుతున్నారు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, అక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి మరపడవలపై కూలికి పనిచేస్తారు. 2018 చివరలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. వారిలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం గ్రామస్థులు ఉన్నారు. అదే ఏడాది ఏప్రిల్ నెలాఖరులో, కరోనా లాక్‌డౌన్ మధ్య, వేరావల్‌లో చిక్కుకొన్న వేలమంది ఉత్తరాంధ్ర మత్స్యకారులను బస్సులలో స్వస్థలాలకు తరలించారు. ఈ రెండు సంఘటనలలోనూ వార్తలు వలస వెళ్లినవారి చుట్టూ తిరిగాయి. ఊళ్లలో నెలల తరబడి ఎదురుచూసిన ముసలి తల్లిదండ్రులు అదే చరిత్రకు రెండో వైపు.

4. గిడుగు, సవరలు: వినడాన్ని నేర్చుకోవడం:

యువకులు ఊరు విడిచి రంగూన్ బాట పట్టిన కాలంలోనే, ఇదే ప్రాంతంలో ఒక పండితుడు వినడాన్ని విద్యగా సాధన చేశాడు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. చుట్టుపక్కల కొండలలో నివసించే సవరల భాషకు నాడు తెలుగులో గానీ, ఇంగ్లీషులో గానీ తగిన వ్యాకరణం లేదు. గిడుగు తెలుగు వచ్చిన ఒక సవర వ్యక్తిని తన ఇంట పెట్టుకొని, అతని మాటలను విని, రాసుకొని, తిరిగి పలికి సరిచూసుకొంటూ ఆ భాషను నేర్చాడు. కొండలలో తిరుగుతూ మలేరియాకు గురై, చికిత్సలో వాడిన క్వినైను వల్ల వినికిడి కోల్పోయాడు. ఇతరుల మాట వినడానికి జీవితాన్ని వెచ్చించిన మనిషి చెవిటితనంతో వృద్ధాప్యాన్ని గడిపాడు. అయినా సవర భాషా వ్యాకరణాన్ని 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ వెలువరించాడు. 1940 జనవరి 22న మరణించేనాటికి వ్యావహారిక భాషోద్యమానికి ఆయన పేరు పర్యాయపదమైంది.

గిడుగు పద్ధతిలో రెండు అంశాలు ఈ చర్చకు అవసరం. మొదటిది, వినడానికి ముందు వక్త భాషను వక్త నోటినుంచే నేర్చుకోవాలి. రెండోది, నేర్చుకొన్నవాడు దానికి రుణపడి ఉంటాడు. సవర పిల్లల కోసం పాఠశాలలు నడిపి, వారి భాషలో వాచకాలు రూపొందించడం ద్వారా ఆయన ఆ రుణాన్ని తీర్చుకొన్నాడు.

సవరల సంప్రదాయంలోనే మాధ్యమం ద్వారా సాగే సంభాషణకు ఒక అసాధారణమైన నమూనా ఉంది. పియర్స్ విటెబ్‌స్కీ ఒడిశాలోని సవర గ్రామాలలో నివసించి, 1993లో వెలువరించిన 'డైలాగ్స్ విత్ ది డెడ్' గ్రంథంలో దానిని వివరించాడు. చనిపోయిన పెద్దలు ఆవేశంలో ఉన్న ఒక మాధ్యమం నోట పలుకుతారు. ఎక్కువగా ఆ పాత్ర వహించేది స్త్రీ. బంధువులు ఆ గొంతుతో వాదిస్తారు, ఏడుస్తారు, పరిహాసమాడతారు, పాత తప్పులకు సంజాయిషీ అడుగుతారు. ఏళ్ల తరబడి సాగే ఈ సంభాషణలలో మృతుని బాధ క్రమంగా శాంతించి, అతడు కుటుంబానికి రక్షకుడైన పూర్వీకుడుగా మారతాడు. అక్కడ పలికే గొంతు మరొకరిది అని అందరికీ తెలుసు. అయినా ఆ సంభాషణకు విలువ ఉండటానికి కారణం, దాని చుట్టూ కూర్చున్న సమాజం. మాట్లాడేవారిని ఎరిగినవారు, వారి మాటలో నిజానిజాలను తూచగలవారు, రేపు మళ్లీ ఎదురుపడేవారు అక్కడ ఉంటారు. కొత్త తరం క్రమంగా ఈ ఆచారాన్ని విడిచిపెట్టిన తీరును విటెబ్‌స్కీ 2017 నాటి తన మరో గ్రంథంలో నమోదు చేశాడు.

5. గొంతును దాచిన యంత్రం:

మనిషి గొంతును యంత్రంలో నిలిపే ప్రయత్నం 1877లో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌తో ఫలించింది. మరుసటి ఏడాది ఒక అమెరికన్ పత్రికలో ఆయన ఆ యంత్రానికి ఉండగల ప్రయోజనాలను జాబితాగా ఇచ్చాడు. కుటుంబ సభ్యుల మాటలను, మరణించబోయేవారి చివరి పలుకులను భద్రపరచడం, అంధులకు పుస్తకాలు వినిపించడం, మాట్లాడే బొమ్మలు తయారుచేయడం, భాషల ఉచ్చారణను కాపాడటం ఆ జాబితాలో ఉన్నాయి. వృద్ధుల గొంతును దాచడం, బొమ్మచేత మాట్లాడించడం అన్న రెండు ఆలోచనలు ఒకే జాబితాలో పుట్టాయి. 1890లో ఎడిసన్ సంస్థ మాట్లాడే బొమ్మను అమ్మకానికి పెట్టి, కొద్ది వారాలలోనే ఉపసంహరించుకొంది. బొమ్మ ఒకే పద్యాన్ని తిరిగి తిరిగి వల్లించేది. దాని గొంతు పిల్లలను భయపెట్టింది.

భారతదేశంలో జార్జ్ గ్రియర్సన్ నిర్వహించిన భాషా సర్వేకు అనుబంధంగా 1913–1929 మధ్య వివిధ భాషల నమూనాలను గ్రామఫోను రికార్డులలోకి ఎక్కించారు. తెలుగు కూడా వాటిలో ఉంది. సర్వే నమూనా పాఠంగా ఎంచుకొన్నది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. ఆస్తి పంచుకొని దేశాంతరం పోయిన కొడుకు తిరిగిరాగా ముసలితండ్రి ఎదురేగి కౌగిలించుకొన్న ఆ కథ, ఇంటింటా ఒక కొడుకు రంగూన్ వెళ్లిన కాలంలో రికార్డు కావడం కాకతాళీయమే అయినా గమనార్హం. అధికారులకు అది ఉచ్చారణ నమూనా. వినే తల్లిదండ్రులకు మాత్రం తమ ఇంటి సంగతి.

గ్రామఫోను తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948లోనూ, ఉత్తరాంధ్రకు చేరువైన విశాఖపట్నం కేంద్రం 1963లోనూ ప్రసారాలు ప్రారంభించాయి. 'శ్రోత' అన్న సంస్కృత పదాన్ని తెలుగు పల్లెలలో ఇంటిమాటగా మార్చింది రేడియోయే. పొలం పనుల కార్యక్రమాలు పాత్రల సంభాషణలుగా సాగేవి. శ్రోతల ఉత్తరాలకు జవాబులు చదివేవారు. కోరిన పాటలకు ముందు శ్రోతల పేర్లు వినిపించేవారు. ఇవన్నీ ఏకముఖ మాధ్యమంలో రెండో గొంతుకు చోటు కల్పించడానికి జరిగిన ప్రయత్నాలు. అయితే రేడియో, తర్వాతి టెలివిజన్ వృద్ధులకు ఇచ్చిన స్థానం శ్రోత స్థానమే. ఇంట్లో కథ చెప్పవలసిన మనిషి, పెట్టె చెప్పే కథకు తానే ఊ కొట్టవలసిన పరిస్థితి ఏర్పడింది. ఆ ఊ పెట్టెకు వినబడదు.

6. జవాబిచ్చే యంత్రం:

రేడియోకు లేని చెవిని యంత్రానికి అమర్చే ప్రయత్నాల చరిత్ర వేరు. 'రోబో' అన్న పేరు చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకం నుంచి వచ్చింది. చెక్ భాషలో 'రొబొత' అంటే నిర్బంధ శ్రమ. జమీందారీల చరిత్ర గల ఉత్తరాంధ్రలో దానికి సరిసమానమైన మాట 'వెట్టి'. వెట్టిచాకిరికి పుట్టిన పదం వంద సంవత్సరాలలో తోడునీడ అన్న అర్థాన్ని సంతరించుకోవడం పదచరిత్ర దృష్ట్యా విశేషం.

1966లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే కార్యక్రమాన్ని ప్రకటించాడు. అది వాడుకరి టైపు చేసిన వాక్యంలో ఒక కీలక పదాన్ని గుర్తించి, ముందే సిద్ధం చేసిన పద్ధతిలో ప్రశ్నగా తిప్పి అడిగేది. 'అమ్మ' అన్న మాట ఎదురైతే కుటుంబం గురించి ఇంకా చెప్పమని కోరేది. దానికి అర్థం తెలియదు. చేసిందల్లా ఊ కొట్టడమే. అయినా ఆ యంత్రంతో ఏకాంతంగా మాట్లాడాలని వైజెన్‌బామ్ కార్యదర్శి ఆయనను గదినుంచి బయటకు వెళ్లమని కోరింది. ఈ అనుభవం వైజెన్‌బామ్‌ను కలతపెట్టింది. 1976లో వెలువడిన ఆయన గ్రంథం కంప్యూటర్లకు అప్పగించకూడని పనులున్నాయని వాదించింది. తెలుగులో "గోడకు చెప్పుకొన్నట్టు" అన్న జాతీయం నిష్ఫలమైన మాటను సూచిస్తుంది. గోడ ఒక్కసారి ఊ అంటే చాలు, మనిషి చెప్పుకుపోతూనే ఉంటాడని ఎలైజా నిరూపించింది.

వృద్ధుల సంరక్షణలో ఈ దారి మొదట మాటలేని రూపంలో కొనసాగింది. జపానులో తకనోరి షిబాటా 1993లో పరిశోధన ప్రారంభించి రూపొందించిన 'పారో' సీల్ పిల్ల ఆకారంలో ఉంటుంది. నిమిరితే కదులుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. మతిమరుపు వ్యాధితో బాధపడే వృద్ధుల చికిత్సలో వాడే ఈ యంత్రానికి 2009లో అమెరికాలో వైద్య పరికరంగా గుర్తింపు లభించింది. 2022లో న్యూయార్క్ రాష్ట్ర వృద్ధుల సంక్షేమ విభాగం 'ఎల్లీక్యూ' అనే మాట్లాడే యంత్రాలను 800కు పైగా ఇళ్లలో ఉంచే కార్యక్రమం చేపట్టింది. అదే ఏడాది చివరి నుంచి ప్రజలలోకి వచ్చిన పెద్ద భాషా నమూనాలు, ముందే రాసిపెట్టిన జవాబుల అవసరాన్ని చాలావరకు తొలగించాయి.

తెలుగు నేలపై మాట్లాడే రోబో విస్తృతంగా ప్రజల దృష్టికి వచ్చిన సందర్భం 2017 నవంబరు 28. హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు వేదికపై బెంగళూరులో తయారైన 'మిత్ర' అతిథులను ఆహ్వానించింది. 2020లో కరోనా కాలంలో అదే రోబోను ఉత్తర భారతదేశంలోని ఒక ఆసుపత్రిలో వాడారు. ఒంటరి వార్డులోని రోగులు దాని తెరమీద తమ బంధువులను చూసి మాట్లాడుకొన్నారు. ఈ రెండు ప్రయోగాల మధ్య తేడా ముఖ్యమైనది. వేదికమీద మిత్ర తానే వక్త. ఆసుపత్రిలో అది ఒక మనిషి మాటను మరొక మనిషికి చేర్చిన వాహకం.

7. సిక్కోలు యాస, యంత్రపు తెలుగు:

శ్రీకాకుళం, విజయనగరం వృద్ధుల ఎదుట ఇటువంటి యంత్రాన్ని నిలిపితే తలెత్తే మొదటి ప్రశ్న భాషది. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, అక్షరాస్యత 61.74 శాతం. విజయనగరం జిల్లా జనాభా 23,44,474, అక్షరాస్యత 58.89 శాతం. వృద్ధులలో, ముఖ్యంగా వృద్ధ మహిళలలో, అక్షరాస్యత ఈ సగటు కంటే తక్కువ. కనుక వారు యంత్రంతో నెరపగల వ్యవహారమంతా మాట ద్వారానే సాగాలి. తెరమీది అక్షరం వారికి ఉపకరించదు.

ఆ మాట ఏ తెలుగు? భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించి, ఉత్తరాంధ్రను ఒక ప్రత్యేక మండలంగా నిరూపించాడు. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. సిక్కోలు పల్లెలో 'నేను' 'నాను' అవుతుంది, 'ఏమిటి' 'ఏటి' అవుతుంది, పిల్లవాడు 'గుంటడు', రాగులు 'చోళ్లు'. శకార షకారాలు సకారంగా వినిపిస్తాయి. పళ్లూడిన నోటిలో ఈ ఉచ్చారణ మరింత మారుతుంది. పత్రికల, వార్తల, పాఠ్యపుస్తకాల తెలుగుతో శిక్షణ పొందిన యంత్రానికి ఈ మాట తప్పుగా వినబడుతుంది. "నానేటి సేత్తాను బావు" అన్న ముసలమ్మ మాటలో ఉన్న నిస్సహాయత, ఆ వాక్యాన్ని ప్రామాణిక భాషలోకి దిద్దుకొన్న యంత్రానికి అందకుండా పోవచ్చు.

గురజాడ అప్పారావు విజయనగరంలో కన్యాశుల్కం రాసినప్పుడు, గిడుగు పర్లాకిమిడిలో వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు ఎదురైన సమస్య ఇదే. మాట్లాడే భాషకూ, రాతలో గౌరవం పొందిన భాషకూ మధ్య దూరం ఉన్నప్పుడు ఆ దూరాన్ని ఎవరు నడవాలి? గ్రాంథికవాదులు మాట్లాడేవాడే నడవాలన్నారు. గిడుగు రాసేవాడు నడవాలన్నాడు. నేడు అదే ప్రశ్న యంత్రం ముందు నిలిచింది. వృద్ధురాలు యంత్రానికి అర్థమయ్యేట్లు తన మాట మార్చుకోవాలా, యంత్రం ఆమె మాటను నేర్చుకోవాలా? 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'భాషిణి' కార్యక్రమం భారతీయ భాషలలో గొంతు నమూనాలను ప్రజలనుంచి సేకరిస్తోంది. ఇటువంటి సేకరణలలో ఫోను వాడకం తెలిసిన యువత గొంతులు సులభంగా చేరతాయి. కొండగ్రామంలోని, తీరగ్రామంలోని వృద్ధుల గొంతులు చేరాలంటే గిడుగు చేసినట్టు వారి ఎదుట ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవాలి.

8. అవతలి మనిషి:

యంత్రంతో ఈ ప్రాంత వృద్ధులకు ఇప్పటికే నిత్యపరిచయం ఉంది. పింఛను పంపిణీలో వేలిముద్ర తీసుకొనే పరికరం వారి చేతికి తగిలిన యంత్రాలలో ముఖ్యమైనది. దశాబ్దాల కూలిపనిలో అరిగిపోయిన వేళ్లను అది గుర్తించనప్పుడు, వృద్ధులు తామెవరో నిరూపించుకోవలసి వస్తుంది. ప్రశ్నించే అధికారం యంత్రానిది, సమాధానం చెప్పుకొనే బాధ్యత మనిషిది. అయినా ఆ సందర్భంలోనే, పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చే ఉద్యోగితో రెండు నిమిషాలు మాట్లాడుకొనే అవకాశం దొరుకుతుంది. మందుల సంగతి, కొడుకు ఫోను చేయని సంగతి ఆ వ్యక్తితో చెప్పుకొంటారు. పథకం లెక్కలలో నమోదు కాని సేవ ఇది.

మాటనే సేవగా నిర్వచించిన ప్రయత్నం 'ఎల్డర్ లైన్'. 2017లో హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వ సహకారంతో టాటా ట్రస్టులు ప్రారంభించిన ఈ ఫోను సేవ, 2021లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో 14567 నంబరుతో దేశవ్యాప్తమైంది. సమాచారం, న్యాయ సలహా, మానసిక ఆసరా, అవసరమైతే క్షేత్రస్థాయి జోక్యం దీని పరిధిలో ఉన్నాయి. తెలుగు నేలపై పుట్టిన ఈ నమూనాలో యంత్రం తీగగా మాత్రమే నిలిచింది; ఊ కొట్టేది అవతలి మనిషి. ఆ మనిషికి ఫిర్యాదును మరొకరికి చేరవేసే బాధ్యత ఉంది. 2007లో పార్లమెంటు ఆమోదించిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలకు పోషణ బాధ్యతను విధించింది. వినే బాధ్యతను ఏ చట్టమూ విధించలేదు, విధించడం సాధ్యం కూడా కాదు.

ఇక్కడ యంత్రం పక్షాన చెప్పదగిన మాటను విస్మరించరాదు. రాత్రి రెండు గంటలకు నిద్రపట్టని వృద్ధుని ఎదుట విసుగు లేకుండా కూర్చోగలిగేది యంత్రమే. చెప్పిన సంగతినే పదిసార్లు చెప్పినా అది కసరదు. కొడుకుకు భారం అవుతామని దాచుకొన్న బాధను దానితో నిస్సంకోచంగా చెప్పుకోవచ్చు. ఎవరూ లేనిచోట ఇది చిన్న ఉపకారం కాదు. షెర్రీ టర్కిల్ 2011లో వెలువరించిన 'ఎలోన్ టుగెదర్' గ్రంథంలో లేవనెత్తిన ఆందోళన మరో వైపుది. వృద్ధురాలు తన దుఃఖాన్ని పారోతో పంచుకొని ఊరట పొందుతున్న దృశ్యం చూసి, ఆ మాటలు వినవలసిన మనుషులు తమ విధి తీరిందని పక్కకు తప్పుకొంటారన్నది ఆమె భయం. ఉత్తరాంధ్రకు ఈ భయం బాగా వర్తిస్తుంది. ఇక్కడ శ్రోతను దూరం చేసింది పిల్లల నిర్లక్ష్యం కంటే జీవనోపాధి లేమి. రేవు లేని తీరం, పని దొరకని పల్లె అనే కారణాలను అలాగే ఉంచి, ఖాళీ అయిన అరుగుమీద బొమ్మను కూర్చోబెడితే వలస సమస్యకు పరిష్కారం దొరికినట్లు భ్రమ కలుగుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది అంశాలు నిర్ధారణ అవుతున్నాయి.

1. ఉత్తరాంధ్ర మౌఖిక సంప్రదాయంలో ఊ కొట్టడం నిష్క్రియమైన చర్య కాదు. వక్త భాషను ఎరగడం, విన్నదానిని జ్ఞాపకం ఉంచుకొని ముందుతరానికి చేర్చడం, వక్త క్షేమానికి బాధ్యత వహించడం అందులో కలిసి ఉన్నాయి.

2. వలస ఈ శ్రోతను దూరం చేసింది. గ్రామఫోను, రేడియో, టెలివిజన్ వక్తలైన వృద్ధులను శ్రోతలుగా మార్చాయి. జవాబిచ్చే యంత్రం వృద్ధులకు వక్త స్థానాన్ని తిరిగి ఇస్తామనడం వల్లనే అది మునుపటి యంత్రాల కంటే ఆకర్షణీయంగా ఉంది.

3. భాషాజ్ఞానం విషయంలో యంత్రం శ్రోత పాత్రకు చేరువ కాగలదు. అందుకు ప్రామాణిక భాషతో సరిపెట్టుకోక, గిడుగు మార్గంలో మాండలికాన్ని, సవర వంటి గిరిజన భాషలను వృద్ధుల నోటినుంచే సేకరించాలి.

4. జ్ఞాపకం విషయంలో యంత్రం దాచగలదు గానీ, దాచినది ఎవరి సొత్తు అన్న ప్రశ్న మిగులుతుంది. మనవడు విన్న కథ వంశంలో ఉంటుంది. యంత్రం విన్న కథ దూరాన ఉన్న సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది.

5. బాధ్యతను యంత్రం వహించలేదు. సవరల సంభాషణలో మాధ్యమం చుట్టూ సమాజం కూర్చున్నట్లు, మాట్లాడే యంత్రం చుట్టూ కూడా కుటుంబమో, ఊరో, ఒక ప్రజాసంస్థో ఉన్నప్పుడే దానితో సంభాషణకు అర్థం ఉంటుంది.

ఈ నేపథ్యంలో విశ్వవిద్యాలయాల పాత్ర కీలకమైనది. 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2019లో విజయనగరంలో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ ప్రాంత వృద్ధులకు చేరువలో ఉన్నాయి. విద్యార్థులు తమ ఊరి పెద్దల మాటలను వారి అనుమతితో రికార్డు చేసి, ప్రతిని ఆ కుటుంబానికే అందజేస్తే మాండలిక సంపద నిలుస్తుంది. రేపటి యంత్రానికి సిక్కోలు యాస నేర్పే పాఠం సమకూరుతుంది. 1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు డెబ్బయి ఏళ్లు దాటిన వయసులో కథానిలయాన్ని స్థాపించి తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చే పనికి పూనుకొన్నాడు. అచ్చయిన కథకు ఆయన కల్పించిన ఆ చోటు, అచ్చుకాని కథకు, అరుగుమీద చెప్పే కథకు ఇంకా కల్పించవలసి ఉంది. ఆ పని జరిగినప్పుడు, యంత్రం వచ్చినా రాకపోయినా, రికార్డు చేయడానికి వచ్చిన విద్యార్థి రూపంలో ప్రతి వృద్ధునికీ కనీసం ఒక పూట ఊ కొట్టే మనిషి దొరుకుతాడు.